శోధ్‌గంగ: పన్నెండేళ్ల వాడకం తర్వాత

నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, జానపద గేయాల మీద వచ్చిన ఒక సిద్ధాంత గ్రంథం చూడాలని రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లాను. లైబ్రరీలో గైడు సంతకంతో ఉత్తరం అడిగారు. పుస్తకం చేతికిచ్చి అక్కడే కూర్చుని చదువుకోమన్నారు, జిరాక్స్‌కు మాత్రం ఒప్పుకోలేదు. రెండు రోజులు కూర్చుని నలభై పేజీలు ఎత్తి రాసుకున్నాను. అదే గ్రంథాన్ని ఇప్పుడు నా విద్యార్థిని హాస్టల్ గదిలో ఫోన్లో చదువుకుంటోంది.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2009 నిబంధనలతో పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వడం తప్పనిసరైంది. వాటిని దాచి అందరికీ అందించే శోధ్‌గంగ అనే వెబ్‌సైటును గాంధీనగర్‌లో ఉన్న, యూజీసీకే చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడుపుతోంది. చదవడానికి పైసా కట్టనక్కర్లేదు. 2013 నుంచి వారానికి రెండు మూడుసార్లయినా తెరుస్తున్నాను.

మొదట్లో మా డిపార్ట్‌మెంట్లో ఇది ఎవరికీ నచ్చలేదు. ఒక సీనియర్ ప్రొఫెసర్‌గారు నన్ను గదిలోకి పిలిచి అడిగారు: "ఏమయ్యా, మనవాడు ఆరేళ్లు ఊళ్లు తిరిగి పోగేసిన పాటలు నెట్లో పెడితే, రేపొద్దున ఎవడో తన పేరు పెట్టుకుని అచ్చేసుకుంటాడు. అప్పుడెవర్ని అడుగుతాం?" ఆయన భయం ఉత్తిది కాదు. గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామనుకున్న వాళ్లకైతే ఆ బెంగ ఇంకా ఎక్కువ.

జరిగింది వేరు. 2017లో పరిశీలనకు నా దగ్గరికొచ్చిన ఒక వ్యాసంలో ఒక పాట దగ్గర ఆగిపోయాను. "కందిచేను" అని ఉండాల్సిన చోట "కందచేను" అని ఉంది. ఆ తప్పు ఎక్కడో చూసినట్టనిపించి శోధ్‌గంగ తెరిచాను. ఆ ప్రొఫెసర్‌గారి శిష్యుడి గ్రంథం, మూడో అధ్యాయం. పేరాలకు పేరాలే వచ్చేశాయి, టైపిస్టు చేసిన తప్పుతో సహా. గ్రంథం బీరువాలో ఉండి ఉంటే నాకు తెలిసే దారే లేదు. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నెల తిరక్కుండా, టైపు మిషన్ మీద కొట్టించిన తన సొంత గ్రంథాన్ని స్కాన్ చేయించి లైబ్రరీకిచ్చారు.

ఇంకో రకం అయిష్టం ఉంది, దాంతోనే నాకు ఎక్కువ పేచీ. ఓపెన్ యాక్సెస్ (పరిశోధనను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టడం) అనగానే మా వాళ్లలో చాలామందికి గుర్తొచ్చేది, డబ్బు కట్టించుకుని వారంలో వ్యాసం వేసిపెట్టే జర్నల్. ప్రమోషన్ పాయింట్ల కోసం అలాంటి వాటి వెంట పడి మోసపోయిన వాళ్లను నేనూ చూశాను. అందుకని ఉచితంగా దొరికేదంతా నాసిరకం అనుకుంటే ఎలా? ఇక్కడున్న గ్రంథాన్ని పరీక్షకులు చదివారు, వైవా జరిగింది. సైట్లో పెట్టినందుకు రాసినవాడి దగ్గర ఎవరూ ఫీజు అడగలేదు.

లోపాలు లేవా అంటే, తెలుగు వాళ్లకు పెద్ద లోపమే ఉంది. మన గ్రంథాలు చాలావరకు యూనికోడ్‌కు (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే నిలిచే పద్ధతికి) ముందు నాటి డీటీపీ ఫాంట్లతో కొట్టించినవి. తెరమీద ముత్యాల్లాంటి తెలుగు కనిపిస్తుంది. ఒక వాక్యం కాపీ చేసి వర్డ్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడతాయి. అంటే ఆ ఫైల్లో "గొబ్బి" అని వెతికితే ఎన్ని పాటలున్నా ఒక్కటీ దొరకదు. స్కాన్ చేసినవైతే వట్టి బొమ్మలే. ఇది సైటు తప్పు కాదు, ఫైళ్లు తయారుచేసి పంపే మనది. ఒక విశ్వవిద్యాలయం పంపిన గ్రంథంలో అయిదో అధ్యాయమే లేదు. నాకు కావలసింది అదే. రెండు ఉత్తరాలు రాసినా జవాబు రాలేదు.

కొత్తగా వాడేవాళ్లకు ఒక మాట. తెలుగు గ్రంథాల పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఎక్కించారు, కొన్ని ఇంగ్లీషు లిపిలో ఉంటాయి. పేరుతో దొరక్కపోతే గైడు పేరుతో వెతకండి, లేదా విశ్వవిద్యాలయం, తెలుగు శాఖ పట్టుకుని వెళ్లండి. అధ్యాయాలు విడివిడి ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి దించుకోగానే గ్రంథం పేరుతో ఒక ఫోల్డర్లో పెట్టుకోండి. లేకపోతే పది గ్రంథాల మూడో అధ్యాయాలు కలిసిపోతాయి.

ఈమధ్య నా దగ్గర సబ్మిట్ చేసిన ఇద్దరి చేతా మొత్తం యూనికోడ్‌లోనే టైపు చేయించాను. ఫాంటు మారితే పేజీలు పెరుగుతాయని డీటీపీ అతను గొణిగాడు, పెరగనివ్వమన్నాను. ఫైలు సైట్లోకి ఎక్కిన రోజు దించుకుని "గొబ్బి" అని కొట్టి చూశాను. పదిహేడు చోట్ల పసుపురంగు వెలిగింది.