కొండవీడు ఘాట్‌లో నా సైకిల్ వణికిన రోజు

విజయవాడ నుంచి కొండవీడు కోటకి మూడు రోజుల సైకిల్ యాత్ర, నేనూ మా బావమరిదీ. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దాటి, ఉండవల్లి, మంగళగిరి మీదుగా టిఫిన్ల వేళకి గుంటూరు చేరాం. హైవే నున్నగానే ఉంది. కానీ లారీ పక్కనుంచి దూసుకుపోయిన ప్రతిసారీ గాలి సైకిల్‌ని అటు లాగుతుంది.

రాత్రికి గుంటూరులోనే ఒక లాడ్జి. గది శుభ్రం, వేణ్నీళ్లు కూడా వచ్చాయి. సైకిళ్లని మాత్రం గదిలోకి రానివ్వలేదు, సెల్లారులో మోటారు సైకిళ్ల సందున పెట్టించారు. పొద్దున చూస్తే నాది పడిపోయి ఉంది. లేపి, దులిపి బయల్దేరానే తప్ప ఏమైందో చూసుకోలేదు. ఆ లాడ్జికి మళ్లీ వెళ్లను.

రెడ్డి రాజుల కోట, కొండమీద చెరువులు, బురుజులు చూడాల్సినవే. నీళ్లు కిందనుంచే తీసుకెళ్లండి. మావాడు ఎక్కేముందే సీతాఫలాలు కొని నా హ్యాండిల్ బ్యాగులో కుక్కాడు. ఎక్కుతున్నంతసేపూ వాణ్ణి తిట్టుకున్నాను.

అసలు కథ దిగేటప్పుడు. వేగం 45 దాటిందో లేదో, హ్యాండిల్ సన్నగా వణకడం మొదలై, రెండు క్షణాల్లో సైకిల్ మొత్తం పాములా మెలికలు తిరిగింది. భయంతో హ్యాండిల్ని బిగించి పట్టుకున్నాను. ఇంకా పెరిగింది! వెనకనుంచి మావాడి కేక: "బావా, మోకాళ్లు! పైపుని మోకాళ్లతో నొక్కు!" సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే పై పైపుని రెండు మోకాళ్లతో అదిమి, సీటు మీద బరువు కాస్త తగ్గించి, చేతులు వదులు చేసి, వెనక బ్రేకు మెల్లగా వేశాను. వణుకు చచ్చింది. నా కాళ్లలో వణుకు మాత్రం ఇంకో పావుగంట ఉంది.

ముందు చక్రం పక్కకి తిరిగితే దానంతటదే సర్దుకుంటుంది. ఒక్కో వేగం దగ్గర ఆ సర్దుకోవడంలో మధ్యలో ఆగక అవతలికి పోతుంది, ఫ్రేము స్ప్రింగులా మెలిపడి ఆ ఊపుకి తోడవుతుంది. మోకాళ్లు ఆనిస్తే మన ఒళ్లే ఆ ఊపుని మింగేస్తుంది. బిగుసుకున్న చేతులు ఆ ఊపుని ఇంకా పెంచుతాయి. ఏ లోపమూ లేని సైకిల్‌కీ ఇది రావచ్చు. అదే వాలు మీద మావాడి బండి మాత్రం నిశ్చలంగా దిగింది.

గుంటూరులో ఒక చిన్న షాపులో చూపించాం. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఫ్రేములో ఉండే బేరింగులు) దగ్గర టక్‌టక్‌మంది, అది వదులైంది. చక్రం కొంచెం బెండు కూడా ఉంది. పెద్దాయన పావుగంటలో రెండూ సరిచేసి, బ్యాగుని వెనక క్యారియర్‌కి కట్టమన్నాడు. తీసుకున్నది నూటయాభై.

మర్నాడు మళ్లీ అదే వాలు దిగాం, సీతాఫలాలు ఈసారి మావాడి బ్యాగులో. 45 దగ్గర ముందుగానే మోకాళ్లు ఆనించాను. వణుకు రాలేదు. అది షాపాయన పనితనమో, మోకాళ్ల మహిమో, బరువు తగ్గడమో తేల్చుకోలేక విజయవాడ వచ్చేదాకా వాదించుకుంటూనే ఉన్నాం.