జాగ్రత్త: రెండు రోజుల్లో మాడిన సర్కారు తుమ్మ చచ్చినట్టు కాదు

చెన్నైకి ఉత్తరాన రెడ్‌హిల్స్ నుంచి పొన్నేరి, గుమ్మిడిపూండి దాకా ప్లాట్లు కొనుక్కున్న మనవాళ్ళు తుమ్మ చంపించే మనిషికి అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. "మందు కొడతాం, వేళ్ళతో సహా చస్తుంది, మళ్ళీ జన్మలో మొలవదు" అనే ప్యాకేజీ ఒకటి ఈ మధ్య బాగా అమ్ముడుపోతోంది. దాని తీరు ఎప్పుడూ ఒకటే. సోమవారం పిచికారీ చేస్తారు, బుధవారానికి ఆకంతా మాడుతుంది, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టి మిగతా డబ్బు పట్టుకెళ్తారు. నెలన్నర తర్వాత ఒక్క వాన పడితే చాలు, ఒక్కో మొదలు చుట్టూ పది పదిహేను పిలకలు లేస్తాయి, ముందుకంటే ఒత్తుగా. అప్పుడు ఫోన్ చేస్తే ఎత్తరు.

అంత తొందరగా మాడిందంటేనే అనుమానించాలి. అలా మాడ్చేది చాలాసార్లు పారాక్వాట్ 24% ఎస్‌ఎల్ అనే కలుపుమందు (ఎస్‌ఎల్ అంటే నీళ్ళలో కలిసే ద్రవం). అది తగిలిన చోట ఆకును కాలుస్తుంది తప్ప వేరులోకి దిగదు. ఇంకో కలుపుమందు గ్లైఫోసేట్ 41% ఎస్‌ఎల్ అయితే ఆకు తయారుచేసే చక్కెరతో పాటు కిందికి ప్రయాణించాలి కాబట్టి పసుపు తిరగడానికే వారం పైన పడుతుంది, పూర్తిగా ఎండడానికి రెండు మూడు వారాలు. నెమ్మదిగా చచ్చేదే నిజంగా చచ్చేది. పైగా పారాక్వాట్ కడుపులోకి పోతే విరుగుడు లేదు. దాన్ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి తెచ్చేవాణ్ణి గేటు దగ్గరే ఆపేయండి.

అసలు సర్కారు తుమ్మకు పైనుంచి పిచికారీ చేయడమే తప్పు. మోకాలెత్తు మొక్కలకు సరే. నిలువెత్తు చెట్టుకు మందు సగం గాల్లో కలిసి పక్కింటి మునగ మీద, బొప్పాయి మీద పడుతుంది. టూ ఫోర్ డీ (2,4-డి) అనే కలుపుమందు ఈస్టర్ రూపంలో ఉంటే మరీ ఘోరం, చెన్నై ఎండకు అది ఆవిరై వీధి దాటి వెళ్తుంది. అదే మందు అమైన్ సాల్టు రూపంలో ఉంటే ఆ బెడద తక్కువ.

సరైన పద్ధతి గ్లైఫోసేట్‌ను మోడుకు పూయడం. చెట్టును నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులో అడ్డంగా, చదునుగా కొయ్యాలి. కోసిన మోడును ఒకసారి వంగి చూడండి. మధ్యలో ముదురు గోధుమరంగు చేవ, దాని చుట్టూ లేతపసుపు తెల్లచెక్క, ఆపైన సన్నటి తడి పొర, తర్వాత బెరడు. మందు పని చేసేది ఆ బయటి అంగుళంలోనే. చేవ చచ్చిన కట్టె, దాని మీద ఎంత పోసినా దండగ. అయినా మోడు నడిమధ్యలో మగ్గుతో పోసేవాళ్ళే ఎక్కువ, చూసేవాళ్ళకు బాగా పోసినట్టు కనిపిస్తుంది మరి. కోసిన ఐదు నిమిషాల్లోపే బ్రష్‌తో పూయాలి. ఆలస్యమైతే కోత ఆరి మూసుకుపోతుంది, మందు లోపలికి లాక్కోదు. పొద్దున్నే ఒకడు చెట్లన్నీ కోసుకుంటూ పోయి, భోజనాలయ్యాక ఇంకొకడు డబ్బాతో వస్తే ఆ రోజు పనంతా వృథా. ఒకడు కోస్తుంటే వెనకే ఇంకొకడు పూస్తూ రావాలి. పూసిన మోడు గుర్తుండేందుకు మందులో కాస్త రంగు కలపమనండి. ఆ తర్వాత ఆరేడు గంటలు వాన పడకూడదు.

ఇక లెక్క, మోసం ఎక్కువగా దొరికేది ఇక్కడే. ఆరంగుళాల అడ్డకొలత ఉన్న మోడుకు బయటి అంగుళం వలయం సుమారు వంద చదరపు సెంటీమీటర్లు. పల్చగా తడిసేలా పూస్తే పది మిల్లీలీటర్లు చాలు. మందు సగం, నీళ్ళు సగం అనుకుంటే అసలు మందు ఐదు మిల్లీలీటర్లు. నలభై మోళ్ళకు పావు లీటరు లోపే. మీ కొటేషన్‌లో "మందు 5 లీటర్లు" అని ఉంటే అది మీ ప్లాటుకు రాసింది కాదు. గుబురుగా ఆరేడు కాండాలు లేచిన పొదకు మాత్రం ఒక్కో కాండాన్నీ విడిగా లెక్కించాలి, ఒకదానికి పూసి వదిలేస్తే మిగతావి బతుకుతాయి.

కొట్టకుండా నిలబెట్టే చంపాలంటే గొడ్డలితో ఏటవాలుగా గండ్లు పెట్టి సిరంజితో గండికి ఒక మిల్లీలీటరు చొప్పున వెంటనే వెయ్యాలి. అడ్డకొలతలో ప్రతి అంగుళానికి ఒక గండి. గండి జేబులా ఉండాలి, మందు బయటికి కారకూడదు. గోడనానుకుని ఉన్న పాత మొదళ్ళకైతే పది మిల్లీమీటర్ల డ్రిల్లుతో తెల్లచెక్కలోకి వాలుగా రంధ్రాలు వేసి నింపడం మేలు.

బెరడు మీద గ్లైఫోసేట్ పూస్తామంటే నమ్మకండి. నీళ్ళలో కరిగే మందు ముదురు బెరడును దాటదు. ఉప్పు, యాసిడ్, పాత ఇంజన్ ఆయిల్ లాంటి చిట్కాలు ఇంకా చేటు. ఉప్పు చెట్టును చంపకపోయినా ఆ నేలలో మీరు పెట్టబోయే మామిడి మొక్కను తప్పక చంపుతుంది. నేలలో పోసే పొడులు, డైయూరాన్ లాంటివి, మట్టిలో నెలల తరబడి నిలిచి పక్క ప్లాటులోని వేప వేళ్ళకు అందుతాయి. గొడవ మీ మెడకు చుట్టుకుంటుంది.

మోడు పద్ధతి కూడా సరిగ్గా చేసినా సర్కారు తుమ్మ మీద గ్లైఫోసేట్ నూటికి నూరు శాతం నెగ్గదు. నేలకు కొంచెం కింద, మొదలు వేరులో కలిసే చోట నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. అందుకే జేసీబీ లోపలికి వచ్చే ఖాళీ ప్లాటైతే అడుగు లోతు దాకా మొదలును పెకలించడమే మా ఓటు. మందు ప్రహరీ పక్కన, పైపులైను మీద, బకెట్ తిరగని చోట వాడుకోవాలి.

నీళ్ళ సంగతి చాలామంది పట్టించుకోరు. మన బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం గ్లైఫోసేట్‌ను పట్టేసుకుంటాయి. మోడుకు సగం సగం కలిపేటప్పుడు పెద్ద తేడా తెలియదు. పిలకల మీద పిచికారీకి లీటరుకు 15–20 మిల్లీలీటర్లు కలిపినప్పుడు మాత్రం బలం బాగా పడిపోతుంది. ముందుగా లీటరుకు 20 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ కరిగించి, ఆ తర్వాత మందు పోయాలి. గుంటలోని బురదనీళ్ళు అసలే వద్దు, మట్టికి అంటుకుని మందు నిర్వీర్యమవుతుంది. మే నెల ఎండలో ఆకు దుమ్ము పట్టి, చెట్టు దాహంతో ఉన్నప్పుడు కొట్టినా దిగదు. ఈశాన్య రుతుపవనాలు పోయాక జనవరి, ఫిబ్రవరిలో నేలలో తడి, చెట్టు మీద ఆకు రెండూ ఉంటాయి.

పేర్ల దగ్గర ఇంకో గోతి ఉంది. తమిళంలో ఉత్త కరువేలం అంటే మన నల్లతుమ్మ. సర్కారు తుమ్మను సీమై కరువేలం అంటారు. జమ్మి వన్ని మరం. కొటేషన్‌లో "కరువేలం తొలగింపు" అని రాయించుకుని సంతకం పెడితే నల్లతుమ్మ కూడా పోతుంది. పువ్వు చూడండి: నల్లతుమ్మది పసుపు బంతి, సర్కారు తుమ్మది వేలెడంత పొడవాటి కంకి. నల్లతుమ్మ కాయ పూసలు గుచ్చినట్టు నొక్కులతో ఉంటుంది, సర్కారు తుమ్మది పండితే పసుపురంగు తియ్యటి చిక్కుడులా ఉంటుంది. ఉంచాల్సిన చెట్లకు ముందే సున్నం పట్టీ వేయించండి.

డబ్బా సీలు మీ ముందే తెరవాలి. లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్, గడువు తేదీ, మందు పేరు, శాతం, విషం తీవ్రత చెప్పే రంగు గుర్తు చూసి ఫొటో తీసుకోండి. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేతే వాడించాలని కేంద్ర వ్యవసాయ శాఖ 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. అందుకని లైసెన్సు కాపీ అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. తమిళనాడు ప్రభుత్వం అదే ఏడాది ఆక్రమణ మొక్కల (సర్కారు తుమ్మలా బయటి నుంచి వచ్చి పాకిపోయేవాటి) మీద విధానం తెచ్చాక "గవర్నమెంటు ఆర్డరు సార్" అని చెప్పుకుంటూ తిరిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆ విధానం మీ ప్లాటులో పని చేయడానికి ఎవరికీ లైసెన్సు కాదు.

డబ్బు మూడు విడతలుగా మాట్లాడుకోండి. పని మొదలైనప్పుడు కొంత, రెండు నెలల తర్వాత మొదళ్ళు చూశాక కొంత, మిగతాది తర్వాతి వానలు దాటాక. చూడటమంటే ఆకు చూడటం కాదు. మొదలు దగ్గర మట్టి నాలుగు వేళ్ళ లోతు తవ్వి, చాకుతో బెరడు గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా, కట్టెలా ఉంటే పోయింది. పిలకలు వస్తే అడుగు, అడుగున్నర ఎత్తు పెరిగాక పిచికారీ చేయాలి, మరీ చిన్నప్పుడు కొడితే వేరుకు చేరేంత మందు ఆకు పట్టదు. ఈ రెండో విడత పిచికారీ అదే ధరలో చేస్తామని కాగితం మీద రాయించుకోండి. విత్తనాలు గట్టి పెంకుతో ఏళ్ళ తరబడి మట్టిలో ఉంటాయి, పశువుల పేడతో కొత్తవీ వస్తాయి. ఆ మొలకలకు మందు కూడా అక్కర్లేదు, వాన వెలిసిన మర్నాడు చేత్తో లాగితే వేరుతో సహా వచ్చేస్తాయి.