సూదితోనా, సబ్బునీళ్లతోనా? ఆన్‌లైన్‌లో కలిసి ఫెల్టింగ్ నేర్చుకునేవాళ్లకు

ఉన్ని పోగుల మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. అవి ఒకదానికొకటి చిక్కుకుంటేనే ఫెల్ట్, అంటే నేయకుండానే దట్టంగా అతుక్కున్న ఉన్ని, తయారవుతుంది. చిక్కుపడేలా చేయడానికి గాట్లున్న సూదితో పొడవచ్చు, లేదా వేడి సబ్బునీళ్లతో తడిపి రుద్దొచ్చు.

ఆన్‌లైన్ వర్క్‌షాప్‌లో స్నేహితులతో కలిసి మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు సూదికే. ఫోమ్ ముక్క, కొంచెం ఉన్ని, సూది ఉంటే చాలు. చేతులు పొడిగా ఉంటాయి కాబట్టి ముక్కను కెమెరా దగ్గరికి తెచ్చి "ఇలా వస్తే సరేనా?" అని ఎప్పుడైనా అడగొచ్చు. ఆకారానికి 36 లేదా 38 గేజ్ సూది, చివర్లో నునుపు కోసం 40 గేజ్ వాడతారు. అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఏ వాలులో దించితే అదే వాలులో పైకి తీయాలి, పక్కకి వంచితే విరుగుతుంది. స్క్రీన్ చూస్తూ పొడిస్తే వేలికి గుచ్చుకుంటుంది, అందుకే చూడాలనుకున్నప్పుడు చెయ్యి ఆపండి. చిన్నపిల్లలు కూడా కూర్చునేటట్లయితే సూది వద్దే వద్దు.

వాళ్లకి తడి పద్ధతే మంచిది. స్కార్ఫ్ లాంటి పలచని, వెడల్పాటి వాటికీ అంతే. కాకపోతే ఉన్ని బాగా కుంచించుకుపోతుంది. మూడో వంతు తగ్గడం మామూలే, కాబట్టి ముందే పెద్దగా పరుచుకోవాలి. ఎంత రుద్దితే చాలో వేళ్లకే తెలుస్తుంది, అది స్క్రీన్‌లో నేర్పడం కష్టం.

ఏది ఎంచుకున్నా సూపర్‌వాష్ ఉన్ని (మెషీన్‌లో ఉతికినా కుంచించుకుపోకుండా చేసినది) మాత్రం తీసుకోకండి. దాని పొలుసుల్ని తయారీలోనే అణిచేస్తారు, నీళ్లలో ఎంత రుద్దినా సరిగా అతుక్కోదు.