లైసెన్సు ఉన్నవాళ్లకు డ్రైవింగ్ కోర్సు: కర్నూలులో నేను చేసొచ్చిన అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ గురించి

ముందే చెప్పేస్తా, ఇది ఎల్ బోర్డు తగిలించుకొని క్లచ్చు, గేరు నేర్చుకునే కోర్సు కాదు. లైసెన్సు ఉండి, హైవే మీద సొంతంగా బండి నడిపే అలవాటు ఉంటేనే చేర్చుకుంటారు. శని, ఆదివారాలు రెండు రోజులూ పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే వదిలేసరికి సాయంత్రం ఐదు దాటుతుంది. ఫీజు 6,500 రూపాయలు, మధ్యాహ్నం భోజనం అందులోనే. కారు మనదే తీసుకెళ్లాలి, డీజిలూ మనదే. నంద్యాల చెక్‌పోస్టు దాటాక ఓర్వకల్లు వైపు ఒక ఖాళీ లేఅవుటు అద్దెకు తీసుకొని నడుపుతున్నారు. నేర్పే సార్ ఆర్టీసీలో చాలా ఏళ్లు డ్రైవర్లకు ట్రైనింగ్ ఇచ్చి రిటైరైన మనిషి, గొంతు పెద్దది, ఓపిక అంతకంటే పెద్దది.

నేనెందుకు చేరానంటే, మా పాప బెంగళూరులో చదువుతోంది, ఎన్‌హెచ్ 44 మీద డోన్, గుత్తి, అనంతపురం మీదుగా నేనే నడుపుకుంటూ వెళ్లి వస్తుంటా. "ఇన్నేళ్లుగా నడుపుతున్నావు, మళ్లీ క్లాసెందుకు, ఆ డబ్బులు పెట్టి బండికి సీటు కవర్లు వేయించుకోవచ్చు కదా" అని ఇంట్లో అన్నారు. కానీ మన ఊళ్లలో డ్రైవింగ్ స్కూలు నేర్పేది టెస్టు పాసయ్యేంత వరకే. హెచ్ వేయడం, రివర్స్ తీయడం, ఊళ్లో రెండో గేరులో రాజ్‌విహార్ సెంటర్ దాకా ఒక రౌండు. వందలో పోతున్నప్పుడు గట్టిగా బ్రేకు కొడితే కారు ఏం చేస్తుందో, లోడు లారీని ఎంత దూరంలో ఉండగా దాటడం మొదలుపెట్టాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, రోడ్డే నేర్పాలి, రోడ్డు నేర్పేటప్పుడు ఏమవుతుందో మన జిల్లాలో కొత్తగా చెప్పక్కర్లేదు.

మొదటి గంట సీటు, అద్దాలు. ఇందులో ఏముంటుంది అనిపిస్తుంది గానీ బ్యాచ్‌లో దాదాపు అందరి సీట్లూ సార్ మార్పించారు. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి, క్లచ్చు పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. పక్క అద్దాల్లో మన కారు కనిపించీ కనిపించనట్టు ఉంటే చాలు, మిగతాదంతా రోడ్డే కనిపించాలి. హెడ్‌రెస్ట్ తల వెనక్కి రావాలి, మెడ వెనక్కి కాదు. ఇవి ఎక్కడైనా చదివి తెలుసుకోవచ్చు, దీని కోసం డబ్బు కట్టక్కర్లేదు.

డబ్బు విలువ మొదటి రోజు మధ్యాహ్నం బ్రేకుల దగ్గర తెలిసింది. కోన్లు పెట్టి, ముందు 40లో, తర్వాత 60లో వచ్చి ఒక గీత దగ్గర బ్రేకు పూర్తిగా తొక్కమంటారు. ఏబీఎస్ (యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్) ఉన్న బండిలో అలా తొక్కితే పెడల్ కాలి కింద టకటక కొట్టుకుంటుంది, కింద నుంచి గరగరమని చప్పుడొస్తుంది. మా బ్యాచ్‌లో మంత్రాలయం, మహానంది ట్రిప్పులు కొట్టే ఒక ఇన్నోవా అన్న ఉన్నాడు, చేయి తిరిగిన డ్రైవరు. ఆయన కూడా ఆ చప్పుడుకు కాలు తీసేశాడు.

"ఏమన్నా, కాలు తీస్తివే?"

"కొట్టుకుంటాంది కద సార్, ఏమన్నా ఇరిగిందేమో అనుకుంటి."

"ఇరగలేదు, అది దాని పని అది చేస్తాంది. నువ్వు కాలు తీస్తే దాని పని ఆగిపోతాది. తొక్కి పట్టు, స్టీరింగ్ తిప్పు."

చక్రాలు బిగుసుకుపోకుండా ఏబీఎస్ బ్రేకును సెకనుకు ఎన్నోసార్లు వదిలి పట్టుకుంటుంది కాబట్టి బ్రేకు మీద కాలు ఉండగానే బండి తిరుగుతుంది, అడ్డం వచ్చినదాన్ని తప్పించవచ్చు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. అంటే ఈ మధ్య కొన్న బండి ఏదైనా అందులో ఇది ఉంది, కానీ దాన్ని ఒక్కసారైనా పని చేయించి చూసినవాళ్లు ఎంతమంది? పెడల్ అలా కొట్టుకోవడం కాలికి అలవాటైతే తప్ప అసలైన అవసరం వచ్చినప్పుడు పనికిరాదు, అందుకే సార్ మళ్లీ మళ్లీ చేయించారు, కాలు తీయడం మానేసేదాకా వదల్లేదు.

ఆ పక్కనే ఆగే దూరం టేపుతో కొలిచి చూపించారు. 60లో వచ్చి ఆగిన చోట ఒక కోను పెట్టి, "ఇదే బండి వందలో వస్తే బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంతకు రెండున్నర రెట్లకు పైగా పడుతుంది" అని అక్కడికి నడిపించారు. వేగం పెరిగే లెక్క వేరు, దూరం పెరిగే లెక్క వేరు, వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది. పైగా వందలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. చూసి, అర్థమై, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఒక సెకను, సెకనున్నర అయిపోతుంది, అంటే బ్రేకు పడక ముందే 28 నుంచి 42 మీటర్లు. ఎండలో ఆ దూరం నడిచాక కాళ్లకు గుర్తుండిపోతుంది, బోర్డు మీద రాస్తే ఉండదు.

రెండో రోజు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కోర్సు మొత్తంలో అదే అసలైన భాగం. ఒక్కో కారులో ముగ్గురం, పక్క సీట్లో సార్. ఎన్‌హెచ్ 44 ఎక్కి వెల్దుర్తి వైపు. నడిపేవాళ్లు తాము చూస్తున్నదంతా పైకి చెబుతూ నడపాలి. చూసింది, దాని వల్ల ఏం కావచ్చు, నేనేం చేస్తున్నా, ఈ మూడూ. మొదట్లో నోరు రాదు. "ముందు లారీ ఉంది" అంటాం, ఆగిపోతాం. "లారీ ఉందని నాకూ కనిపిస్తోందమ్మా, అదేం చేయబోతోందో చెప్పు" అంటారు సార్. కొంతసేపటికి కళ్లు దూరం పోవడం మొదలుపెడతాయి. ఎడమ పక్క కాపరి కనిపిస్తున్నాడు, మంద సగం ఇటు, సగం డివైడర్ వైపు ఉంది, మిగతా సగం దాటుతుంది, కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీశా. ఊరి దగ్గర డివైడర్ తెరిచి ఉంది, ట్రాక్టరు ముక్కు బయటికి వచ్చింది, డ్రైవరు నా వైపు చూడట్లేదు, హారన్ కొట్టి వేగం తగ్గిస్తున్నా. ఆటోకు ఇండికేటర్ లేదు గానీ ముందు చక్రం కుడికి తిరిగింది. బస్సు ఆగింది, దిగినవాళ్లలో ఒకరు దాని ముందు నుంచి రోడ్డు దాటొచ్చు. ఉల్లిగడ్డల లారీ ఒకటి, రాళ్ల లారీ ఒకటి పక్కపక్కనే పోతున్నాయి, రెండూ లోడు మీదున్నాయి, దాటడం అయ్యేసరికి చాలాసేపు పడుతుంది, వెనకే ఉంటా. రాంగ్ రూట్‌లో బైకు, ఎడమ అంచున వస్తోంది, ఎడమకు జరగను.

ఇలా మాట్లాడుతూ నడిపితే బ్రేకు తొక్కే అవసరమే తగ్గిపోతుంది, అదే నాకు ఆశ్చర్యం. ముందురోజంతా బ్రేకు ఎలా కొట్టాలో నేర్చుకొని, ఆ మర్నాడు బ్రేకు దాకా రాకుండా ఎలా చూసుకోవాలో నేర్చుకున్నాం. ముందు బండికి దూరం ఉంచే లెక్క కూడా రోడ్డు మీదే నేర్పారు. ముందు బండి ఒక కిలోమీటరు రాయి దాటగానే వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు, వెయ్యిన్నిమూడు అని లెక్కపెట్టాలి, అది పూర్తవకముందే మనం ఆ రాయి దాటితే దగ్గరగా ఉన్నట్టే. వానలో ఇంకా పెంచాలి. మీటర్లలో అంచనా ఎవరికీ రాదు, ఇది ఎవరికైనా వస్తుంది. వెనకోడు హారన్ కొడతాడు, ఆ సందులోకి ఇంకో కారు దూరుతుంది, మళ్లీ వెనక్కి తగ్గి లెక్క మొదలుపెట్టాలి, అంతే.

ఆఖర్లో ఒక గంట ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పారు. 108, 112, హైవే వాళ్ల 1033 నంబర్లు, గాయపడ్డవాళ్లను ఎలా కదపకూడదో, సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్. పోలీసులు తిప్పుతారనే భయంతో ఆగని వాళ్లు మన రోడ్ల మీద చాలామంది, కాబట్టి ఈ భాగం ఇంకాస్త పెంచితే బాగుంటుంది.

ఇప్పుడు నచ్చనివి. అన్నిటికంటే పెద్ద లోటు, రాత్రి డ్రైవింగ్ లేదు. గదిలో కూర్చోబెట్టి ఎదురుబండి హై బీమ్ కొడితే దాని వైపు చూడకుండా ఎడమ పక్క తెల్ల గీత పట్టుకొని పోవాలని, డిమ్ లైట్లలో ఎంత దూరం కనిపిస్తుందో అంతలో ఆగగలిగే వేగంలోనే ఉండాలని చెప్పారు. సరైన మాటలే, కానీ మాటలతో అయ్యే పని కాదిది. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర రోడ్డు మీద పడి ఉన్న బైకును ఢీకొట్టి బస్సు కాలిపోయింది, అందులో పోయినవాళ్లను కర్నూలు ఇంకా తలుచుకుంటూనే ఉంది. ఆ చోటుకు ఇంత దగ్గరలో కోర్సు పెట్టి, చీకట్లో ఒక్క గంటైనా నడిపించకపోవడం ఏమీ బాగాలేదు. లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీ, రోడ్డు అంచున ఆపేసిన లారీ, ఇవి పగలు చూపిస్తే అర్థం కావు. ఫీడ్‌బ్యాక్ కాగితంలో ఇదే రాశా, సార్‌తో నేరుగా కూడా చెప్పా, పర్మిషన్లు, మనుషులు కావాలమ్మా అన్నారు. ఫీజు పెంచినా సరే పెట్టాల్సిందే.

రెండోది, క్లాసులో వేసిన వీడియోలు అన్నీ వేరే దేశాలవి. అక్కడ కారు ఎడమవైపు స్టీరింగ్, రోడ్డు మీద ఒక్క కుక్క కూడా ఉండదు. మన ఎన్‌హెచ్ 44 మీద డాష్ కెమెరాతో ఒక రోజు తీసినా దానికంటే ఎక్కువ పాఠం ఉంటుంది. మూడోది, ఆటోమేటిక్ బండి తెచ్చినవాళ్లకు ఘాట్ గురించి విడిగా ఏమీ చెప్పలేదు.

ఘాట్ అంటే గుర్తొచ్చింది, ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలని, బ్రేకు నొక్కిపట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుందని సార్ గట్టిగా చెప్పారు. కోర్సయ్యాక రాయచోటిలో పెళ్లికి పోయి తిరిగొస్తూ, కడపకు ముందు గువ్వలచెరువు ఘాట్‌లో అలాగే చేశా. రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచింది, మలుపుకు ముందు కాస్త బ్రేకు, అంతే. వెనక సీట్లో మా అత్తమ్మ ఎప్పుడూ ఆ ఘాట్‌లో కళ్లు మూసుకొని వేంకటేశ్వరస్వామిని తలుచుకుంటారు, ఈసారి కిటికీలోంచి చూస్తూ కబుర్లు చెప్పారు. పక్కనే లోడు లారీలు పొగలు కక్కుతూ దిగుతున్నాయి, వాటికి ముందు పోకుండా, మరీ వెనక అంటుకోకుండా దిగడానికి ఆ మూడు సెకన్ల లెక్క అక్కడా పనికొచ్చింది.

హైవే మీద తరచూ తిరిగేవాళ్లు, ముఖ్యంగా కొత్తగా కారు కొని కుటుంబంతో బెంగళూరు, హైదరాబాద్ పోవాలనుకునేవాళ్లు తప్పకుండా చేరండి. ఊళ్లోనే తిరిగేవాళ్లకు అంత అవసరం లేదు. ట్యాక్సీ అన్నలకు ఫీజులో సగం తగ్గిస్తున్నారు, మీకు తెలిసిన డ్రైవరు ఉంటే చెప్పండి, ఓనర్లు కడితే ఇంకా మంచిది. చేరేముందు బ్యాచ్‌లో ఎంతమందో అడగండి, ఒక కారుకు ముగ్గురికంటే ఎక్కువైతే రెండో రోజు స్టీరింగ్ మీ చేతికి వచ్చేది కొంచెమే. వెళ్లే ముందురోజు టైర్లు చూసుకోండి, పక్కన డాట్ అని ఉన్న చోట చివరి నాలుగు అంకెలు అది ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి, 2319 అంటే 2019లో 23వ వారం. అంత పాతబడిన టైర్లతో వచ్చిన ఒకాయన్ని మా సార్ బ్రేకు ప్రాక్టీసుకు దింపలేదు, ఆయనకు ఆ పూటంతా పక్కన నిలబడి చూడటమే అయింది.