టైర్‌ఎక్స్ కవరు: డీబీఎస్ బ్యాటరీకి ఎంతవరకు కాపలా?

మెడ్‌ట్రానిక్ వారి టైర్‌ఎక్స్ చూడ్డానికి పల్చటి వల సంచి. డీబీఎస్ అంటే మెదడులోకి సన్నని తీగ దించి, విద్యుత్ ప్రేరణతో పార్కిన్సన్స్ లాంటి జబ్బులను అదుపు చేసే చికిత్స. దాని బ్యాటరీని అందులో దూర్చి, కాలర్ ఎముక కింద చేసిన పాకెట్‌లోకి దించుతారు. వలకు పూసిన పాలిమర్‌లో రిఫాంపిసిన్, మినోసైక్లిన్ అనే రెండు యాంటీబయాటిక్‌లు ఉంటాయి. అవి కనీసం 7 రోజుల పాటు చుట్టుపక్కల కణజాలంలోకి ఊరుతూ ఉంటాయి. సుమారు 9 వారాల్లో వల కూడా ఒంట్లో కరిగిపోతుంది, దాన్ని తీయడానికి మరో కోత అక్కర్లేదు.

ఈ రెండు మందులను ఎంచుకోవడంలో తర్కం ఉంది. పాకెట్‌లో చీము పట్టించే బ్యాక్టీరియాలో మొదటిది స్టెఫైలోకోకస్ ఆరియస్, ఆ వెనకే చర్మం మీద మామూలుగా బతికే స్టెఫైలోకోకస్ ఎపిడెర్మిడిస్. ఇవి బ్యాటరీ టైటానియం పెట్టెకు అతుక్కుని చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. ఆ బయోఫిల్మ్ ముదిరాక నరంలోకి ఎంత మందు ఎక్కించినా పూర్తిగా చావవు. కాబట్టి అతుక్కోకముందే, ఆపరేషన్ అయిన మొదటి వారంలోనే దెబ్బ కొట్టాలి. రిఫాంపిసిన్ ఒక్కటే వాడితే బ్యాక్టీరియా త్వరగా నిరోధకత తెచ్చుకుంటుంది, అందుకే మినోసైక్లిన్ తోడు. సూడోమోనాస్ లాంటి గ్రామ్ నెగటివ్ క్రిముల మీద మాత్రం ఈ జోడీని నమ్ముకోలేం.

ఆధారాల దగ్గరికి వస్తే, అన్నిటికంటే బలమైనది 2019లో వెలువడిన రాప్-ఇట్ పరీక్ష. 6,983 మందిలో కవరు వాడినవారికి 12 నెలల్లో పెద్ద ఇన్‌ఫెక్షన్లు 0.7 శాతం, వాడనివారికి 1.2 శాతం. తగ్గుదల నిజమే, కానీ వాళ్లంతా గుండె పరికరాలు పెట్టించుకున్నవారు. గుండె బ్యాటరీ పాకెట్‌కూ డీబీఎస్ పాకెట్‌కూ పోలిక ఉన్నా, డీబీఎస్‌లో తీగ మెడ మీదుగా చెవి వెనక్కి, అక్కడి నుంచి పుర్రెలోకి వెళ్తుంది. ఆ దారిలో కవరుకు పాత్రే లేదు. చెవి వెనక కనెక్టర్ (తీగలు కలిసే చోటు) మీద చర్మం పల్చబడి పుండు పడటం, నెత్తి మీద కుట్లు విచ్చుకోవడం, వీటి సంగతి సర్జన్ చేతిలోనే ఉంటుంది. కనెక్టర్ కూర్చోవడానికి ఎముకలో చిన్న గాడి తీయాలి, కోత పరికరం మీదుగా పోకుండా పక్కగా వంపు తిప్పాలి. ఈ రెండూ చేయనిచోట కవరు కొని లాభం తక్కువ.

వాడకంలో రెండు సంగతులు. కవరుతో కలిపి బ్యాటరీ కొంచెం లావవుతుంది కాబట్టి పాకెట్ కాస్త వెడల్పుగా చేయాలి, బిగుతుగా ఇరికిస్తే చర్మం మీద ఒత్తిడి పడి అదే పుండుకు దారి తీస్తుంది. అలాగే కవరు ఉంది కదా అని లంగరు కుట్టు మానకూడదు: వలలోంచి, బ్యాటరీకున్న రంధ్రంలోంచి కుట్టు వేసి కండ పొరకు బిగించాలి. బ్యాటరీ పాకెట్‌లో తిరిగితే తీగ మెలిపడి తెగుతుంది.

టెట్రాసైక్లిన్లు, రిఫాంపిసిన్, కరిగే కుట్లు పడనివారికి, లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థ సొంత కణజాలం మీదే దాడి చేసే జబ్బు) ఉన్నవారికి ఇది వాడకూడదు. అప్పటికే చీము పట్టిన గాయంలో అసలే పెట్టకూడదు. కొందరు దీన్ని వైద్యంగా పొరబడతారు. ఇది నివారణకు మాత్రమే.

కవరు వల్ల పాత జాగ్రత్తలేవీ తగ్గవు. ముక్కులో ఆరియస్ ఉందేమో ముందే పరీక్షించి, ఉంటే 2 శాతం ముపిరోసిన్ లేపనం రోజుకు రెండుసార్లు 5 రోజులు రాయాలి. జుట్టు తీయాల్సి వస్తే బ్లేడుతో గొరగకుండా క్లిప్పర్ వాడాలి. సెఫాజోలిన్ అనే యాంటీబయాటిక్ 2 గ్రాములు (బరువు 120 కిలోలు, ఆపైన ఉంటే 3) కోతకు ముందు 60 నిమిషాల్లోపు పడాలి, ఆపరేషన్ 4 గంటలు దాటితే మళ్లీ ఇవ్వాలి. దాని బదులు వాంకోమైసిన్ అయితే ఎక్కడానికి సమయం పడుతుంది కాబట్టి కోతకు ముందు 120 నిమిషాల్లోపు మొదలుపెట్టాలి. ఇవి సక్రమంగా జరిగే చోటే కవరు అదనపు బలం.

మా తూకంలో ఇది బాగా పనికొచ్చేది బ్యాటరీ మార్పిడిలో. రీచార్జ్ కాని బ్యాటరీ సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లకు మార్చాలి, మార్చిన ప్రతిసారీ పాత మచ్చ కణజాలాన్ని మళ్లీ తెరవాలి. అక్కడ రక్త ప్రసరణ తక్కువ, ఒంటి రక్షణా తక్కువే. మధుమేహం అదుపులో లేనివారు, స్టెరాయిడ్లు వాడేవారు, బాగా సన్నగా ఉన్నవారు కూడా ఈ కోవలోకే వస్తారు. ఏ ముప్పూ లేని మనిషికి మొదటిసారి పెట్టేటప్పుడు తప్పనిసరి అనలేం. పదే పదే మార్పిడి తప్పించుకోవాలంటే రీచార్జబుల్ బ్యాటరీ మరింత మూలానికి వెళ్లే మార్గం.

కవరు ఉన్నా పాకెట్ ఎర్రబడి, వాచి, చీము కారితే ఏం చేయాలి? సూది గుచ్చి లాగొద్దు: తీగ పాడవచ్చు, లేని క్రిమి లోపలికి పోవచ్చు. ఇన్‌ఫెక్షన్ ఛాతీకే పరిమితమైతే బ్యాటరీ, ఎక్స్‌టెన్షన్ (బ్యాటరీ నుంచి చెవి వెనక వరకు వెళ్లే తీగ) తీసేసి, మెదడులోకి వెళ్లే తీగను, అంటే లీడ్‌ను కాపాడే ప్రయత్నం చేయవచ్చు. ఇక్కడ వరస చాలా ముఖ్యం. ముందు శుభ్రంగా ఉన్న చెవి వెనక కోత తెరిచి, కనెక్టర్ విడదీసి, లీడ్ కొసను కప్పి, ఆ గాయం మూసేయాలి. తర్వాతే ఛాతీ తెరిచి ఎక్స్‌టెన్షన్‌ను కిందికి లాగాలి. పైకి లాగితే చీమును మెదడు వైపు తీసుకెళ్లినట్టే. నెత్తి మీద రంధ్రం దగ్గరే చీముంటే లీడ్ సహా అంతా తీయాల్సిందే. కల్చర్‌ను (చీములోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) 10 నుంచి 14 రోజులు ఉంచమని ల్యాబ్‌కు చెప్పాలి, లేకపోతే నెమ్మదిగా పెరిగే క్యుటిబ్యాక్టీరియం అనే బ్యాక్టీరియా కనిపించదు.

తీసే ముందు న్యూరాలజిస్టుతో మాట్లాడి లెవోడోపా (పార్కిన్సన్స్ మందు) మోతాదు పెంచే ఏర్పాటు చేసుకోవాలి. స్టిమ్యులేషన్ ఒక్కసారిగా ఆగితే పార్కిన్సన్స్ ఉన్నవారికి జ్వరంతో ఒళ్లంతా బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు, డిస్టోనియా (కండరాలు వాటంతటవే మెలిపడే జబ్బు) ఉన్నవారికి ఆగని మెలికలు మొదలవ్వొచ్చు. లీడ్ లోపలే ఉన్నంతకాలం డయాథర్మీ (విద్యుత్ తరంగాలతో ఒంట్లో వేడి పుట్టించే చికిత్స) పూర్తిగా నిషిద్ధం, ఎంఆర్ఐ షరతులు కూడా మారిపోతాయి.

యాంటీబయాటిక్‌ల కోర్సు ముగిసి, గాయం పూర్తిగా మాని, సాధారణంగా 3 నెలలు గడిచాక కొత్త బ్యాటరీ పెడతారు, వీలైతే ఛాతీకి రెండో వైపు. ఒకసారి చీము చూసిన ఆ మనిషికి, ఆ శుభ్రమైన కొత్త పాకెట్‌లో ఈ కవరు పెట్టడానికి మేం రెండోసారి ఆలోచించం.