గ్రైండింగ్ దుమ్ముకు రబ్బరు మాస్కు: చీమకుర్తిలో వాడి చెబుతున్నా

మాది చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. అంచులు గ్రైండింగ్ చేసేవాళ్ల కోసం ఒంగోలులోని ఒక సేఫ్టీ సామాన్ల షాపులో రెండు పక్కలా ఫిల్టర్లుండే రబ్బరు మాస్కులు తెచ్చాను. పీ100 రకం, అంటే సన్నటి కణాలను 99.97 శాతం ఆపాలి. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే కంటికి కనిపించే దుమ్మే ఆగుతుంది, ఊపిరితిత్తుల లోతుకు దిగేది ఆగదు. రాతి దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే సిలికోసిస్ జబ్బు పట్టుకున్నాక నయం చేసే మందు లేదు. అందుకే ధర చూసి వెనకాడలేదు.

మాస్కు బాగుంది. ఫిల్టర్లను అరచేతులతో మూసి గాలి పీలిస్తే రబ్బరు ముఖానికి అతుక్కోవాలి, మావాళ్లు రోజూ అలా చూసుకునే పనిలోకి దిగుతున్నారు. గడ్డం ఉంటే మాత్రం పక్కల నుంచి గాలి దూరుతుంది. ఎండాకాలం షెడ్డులో చెమట కారిపోయి కుర్రాళ్లు మెడకు దించేస్తున్నారు, మధ్యమధ్యలో బయట నీడకు పంపక తప్పదు.

షాపువాళ్ల తీరే నచ్చలేదు. ముఖం కొలత అడక్కుండా అందరికీ మీడియం సైజే అంటగట్టారు. సన్నముఖం వాళ్లకు చిన్న సైజు అడిగి తీసుకోండి. ఊపిరి బరువైతే ఫిల్టర్ మార్చండి, కంప్రెసర్ గాలితో దులపకండి, అది పాడైపోతుంది. ఏ మాస్కు కొన్నా ముందు దుమ్ము లేవకుండా గ్రైండర్‌కు నీళ్ల పైపు పెట్టించండి. తడిలో కరెంటు షాకు భయం ఉంటుంది కాబట్టి గాలితో తిరిగే గ్రైండరే తీసుకోండి.