పార్కులో ఆకురాలు కాలం ఫెస్టివల్: వాలంటీర్‌గా పనిచేశాక రాస్తున్న రివ్యూ

ఇది పిల్లల్ని తీసుకొచ్చి, తిప్పి, ఫొటోలు దిగి వెళ్లినవాళ్ల రివ్యూ కాదు. పొద్దున టెంట్లు వేసిన దగ్గర్నుంచి రాత్రి చెత్త సంచులు మూతి కట్టేదాకా అక్కడే ఉన్న మనిషి రాస్తున్నది. వాలంటీరింగ్‌కి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, తగ్గించిన ఆ ఒక్కటీ పూర్తిగా సాయంత్రం సర్దుడు పని వల్లే.

పేరు నమోదు చేసుకునే పద్ధతి బాగుంది. ఏ షిఫ్ట్ కావాలి, బరువులు ఎత్తగలరా, ఎక్కువసేపు నిలబడగలరా, మీ పిల్లలూ వెంట వస్తున్నారా అని ముందే అడిగారు, అడిగి ఊరుకోకుండా దాన్నిబట్టే పని ఇచ్చారు. మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడకి నమోదు టేబుల్ దగ్గర కుర్చీ వేశారు, రోజంతా నవ్వుతూ పేర్లు రాసుకున్నారావిడ. పది పన్నెండేళ్ల పిల్లలకి బ్రష్‌లు కడగడం, కాగితాలు అందించడం లాంటి పనులు అప్పగించారు. పని లేక దిక్కులు చూస్తూ నిలబడిన వాలంటీర్ నాకు ఒక్కరూ కనిపించలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది, పిల్లలు తప్పిపోతే ఏం చేయాలో మొదట్లోనే కూర్చోబెట్టి చెప్పడం. దొరికిన పిల్లని ఒక్కరే ఎక్కడికీ తీసుకెళ్లకూడదు, ఇద్దరు పెద్దవాళ్లు పక్కన ఉండాలి, దొరికిన చోటే కాసేపు ఆగాలి, ఎందుకంటే తల్లిదండ్రులు మొదట వెతుక్కుంటూ వచ్చేది అక్కడికే. మైకులో పిల్ల పేరు, వేసుకున్న బట్టల రంగు చెప్పకూడదు. ఆ వివరాలు వెతుక్కుంటూ వచ్చినవాళ్లే మనకి చెప్పాలి, అప్పుడే వాళ్లు సొంతవాళ్లో కాదో తేలుతుంది. వచ్చిన ప్రతి పిల్లకీ చేతికి కాగితం బ్యాండ్ కట్టి, లోపలి వైపు ఫోన్ నంబర్ రాయించారు. పార్కుకి కంచె ఉండదు, నాలుగు వైపులా దారులే, కాబట్టి ఇంత జాగ్రత్త ఉండాల్సిందే. ఏ పార్కులో అయినా వాలంటీర్‌గా వెళ్తే మొదట ఈ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు తడుముకుంటే నాకైతే అక్కడ టెన్షనే.

నేను ఎక్కువసేపు ఉన్నది గుమ్మడికాయలకి రంగులు వేసే టేబుల్ దగ్గర. చెక్కడం కాకుండా రంగులు పెట్టడం మంచి నిర్ణయం. చిన్నపిల్లల చుట్టూ కత్తులు ఉండవు, పైగా చెక్కిన కాయ కొద్దిరోజులకే కుళ్లిపోతుంది, కోయని కాయ చల్లటి పొడి చోట వారాల తరబడి ఉంటుంది. కాయల్ని ముందుగానే తుడిచి ఆరబెట్టాలి, తడి ఉంటే రంగు పొరలా ఊడొస్తుంది. పిల్లలందరూ కాయని తొడిమ పట్టుకునే ఎత్తుతారు, అది పుటుక్కున విరుగుతుంది, విరిగిన చోటి నుంచే కుళ్లు మొదలవుతుంది. అందుకే "కింద రెండు చేతులు పెట్టి ఎత్తు నాన్నా" అని సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నాను. ఇంకో సంగతి, మూడేళ్ల పిల్ల ఒకే రంగు తీసుకుని కాయంతా పూసుకుంటూ ఉంటే, పక్కనున్న అమ్మానాన్నలకి కళ్లూ ముక్కూ గీసి సరిచేయాలని చేతులు దురద పెడతాయి. అప్పుడు పెద్దవాళ్లకి ఒక చిన్న కాయ వేరుగా ఇచ్చేయాలి, అంతే, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. ఈ చిట్కా నాకు చెప్పింది ఏటా వచ్చే ఒక పాత వాలంటీర్, ఆవిడ పక్కన పనిచేయడమే ఒక చదువు.

ముఖానికి రంగులు వేసే దగ్గర క్యూ ఎప్పుడూ పొడుగే. చర్మానికి వేసే రంగులే వాడారు, ఇది గట్టిగా మెచ్చుకోవాల్సిన విషయం. బొమ్మలకి వాడే అక్రిలిక్ రంగు డబ్బా మీద విషం కాదని రాసి ఉన్నంత మాత్రాన దాన్ని ముఖానికి పూయకూడదు. ఒకరికి వాడిన స్పాంజ్ ఇంకొకరికి వాడలేదు, దద్దుర్లో పుండ్లో ఉన్న చోట వేయలేదు, మరీ చిన్నపిల్లలకి చేతి మీద చిన్న ఆకు బొమ్మ వేసి పంపారు. కానీ క్యూ ఎక్కడ ఆపాలో చెప్పే మనిషి లేరు. చాలాసేపు నిలబడ్డాక "ఇక అయిపోయింది" అంటే ఏడవని పిల్ల ఎవరుంటారు? వచ్చేసారి క్యూ చివర ఒక వాలంటీర్‌ని కచ్చితంగా పెట్టాలి.

ఆకుల టేబుల్ చిన్నదే గానీ నాకు చాలా ఇష్టమైంది. ఆకుని ఈనెల వైపు పైకి పెట్టి, దాని మీద పల్చటి కాగితం పరిచి, క్రేయాన్‌ని అడ్డంగా రుద్దితే ఆకు మొత్తం తేలుతుంది. అప్పుడే రాలిన మెత్తటి ఆకులే పనికొస్తాయి, ఎండినవి పొడి అయిపోతాయి. "ఆకులు ఎందుకు ఎర్రబడతాయి?" అని ప్రతి రెండో పిల్ల అడుగుతుంది, కాబట్టి ఈ టేబుల్‌కి వెళ్లేవాళ్లు జవాబు తెలుసుకుని వెళ్లండి. పగలు తగ్గి చలి పెరుగుతుంటే ఆకులోని పచ్చరంగు, అంటే క్లోరోఫిల్, విరిగిపోతుంది. పసుపు, నారింజ రంగులు ఆకులో ముందునుంచీ ఉన్నవే, పచ్చరంగు చాటున ఉండి ఇప్పుడు బయటపడతాయి. ఎరుపు మాత్రం చాలా చెట్లలో ఈ కాలంలోనే కొత్తగా తయారవుతుంది. పసుపు లోపల దాక్కుని ఉందని చెప్పగానే ఒక బాబు పచ్చటి ఆకు తెచ్చి వెలుగుకి అడ్డంపెట్టి వెతికాడు.

ఇక లోపాలు. పదడుగుల టెంట్‌కి ఒక్కో కాలికి సుమారు 18 కిలోల బరువు కట్టాలంటారు, ఇక్కడ కొన్నిటికి చిన్న ఇసుక సంచులే ఉన్నాయి, గాలి లేచినప్పుడల్లా మేం పరిగెత్తి కాళ్లు పట్టుకున్నాం. లీటరు నీళ్లు కిలో బరువు, ఇరవై లీటర్ల క్యాన్ నింపి కాలికొకటి గట్టిగా కడితే సరిపోయేది. కింద పిల్లలు కూర్చుని ఉండగా ఇలాంటి దాంట్లో సర్దుకుపోకూడదు.

అసలు సమస్య సాయంత్రం. ఈ కాలంలో పొద్దు రోజురోజుకీ ముందే వాలిపోతుంది, అయినా స్టాళ్లన్నీ చివరి నిమిషం దాకా తెరిచి ఒకేసారి మూశారు. పిల్లలతో వచ్చిన వాలంటీర్లు అలిసి ఇళ్లకి వెళ్లిపోయారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. మిగిలిన కొద్దిమందే చీకట్లో టేబుళ్లు మడిచి, గడ్డి మోపులు మోసి, చెత్త వేరుచేశారు. రంగు వేయని గుమ్మడికాయలు కంపోస్ట్‌కి పనికొస్తాయి, రంగు వేసినవి పనికిరావు, కానీ డబ్బాల దగ్గర చెప్పే మనిషి లేక అన్నీ కలిసిపోయాయి. చేత్తో ఏరి విడదీయాల్సి వచ్చింది. రంగుల టేబుళ్లని గంట ముందే ఒక్కొక్కటిగా మూసేసి, సర్దడానికి వేరే షిఫ్ట్ పెట్టి, దానికి కొత్తగా వచ్చిన ఓపికున్న మనుషుల్ని తీసుకుంటే ఇదంతా వెలుతురులోనే అయిపోతుంది. పొద్దున షిఫ్ట్‌కి పేర్లు పొంగిపోతాయి, రాత్రికి అడిగితే జాబితా ఖాళీ.

చిన్నపిల్లలున్నవాళ్లు మధ్యాహ్నం షిఫ్ట్ తీసుకోండి, ఆ ఏరియాకి కొత్తగా వచ్చి ఎవరూ తెలియనివాళ్లు నమోదు టేబుల్ అడగండి, ఒక్క పూటలో వీధి మొత్తం పరిచయమైపోతుంది. పిల్లలు లేనివాళ్లూ ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లూ మాత్రం దయచేసి సర్దుడుకి పేరివ్వండి. గట్టి గ్లౌజులు, తలకి కట్టుకునే లైటు, పాడైనా పర్వాలేదనుకునే బూట్లు తెచ్చుకోండి. వచ్చే ఏడాదికి నా పేరు ఆ షిఫ్ట్‌లోనే రాయించేశాను.